34 కుండీలు, ఒక డ్రిప్పు డబ్బా: ఏడు నెలలు వాడాక

కుండీలకి బొట్టు బొట్టుగా నీళ్లు పోసే ఈ డ్రిప్పు కిట్టు కొని ఏడు నెలలైంది. కొన్న వారానికే ఒక్క నక్షత్రం పడేసి చేతులు దులుపుకుందామనుకున్నాను, అంత ఒళ్లు మండింది. ఎందుకో ఆగాను. ఇప్పుడు ఐదుకి మూడిస్తున్నాను. పోయిన రెండూ ఎందుకు పోయాయో, వచ్చిన మూడూ ఎవరి చాకిరీ మీద వచ్చాయో చెప్తాను. కంపెనీ పేరు మాత్రం రాయను. ఇలాంటి డబ్బాలు పది పేర్లతో దొరుకుతున్నాయి, మూత తీసి చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. మీ చేతిలో ఉన్నది ఏదైనా ఈ గొడవలన్నీ దానికీ ఉంటాయనే అనుకోండి.

నేను బట్టలు కుడతాను. ఇంట్లోనే రెండు మిషన్లు. పొద్దున్నే కూర్చుంటే నడుం ఎత్తేది మధ్యాహ్నానికే. మేడ మీద 34 కుండీలున్నాయి. టమాటా, వంగ, మిర్చి, పుదీనా, మల్లె, గులాబీలు, ఒక కలబంద, ఇంకా పేరు తెలియని తీగ ఒకటి. వీటన్నిటికీ మగ్గుతో నీళ్లు పోయడానికి పూటకి నలభై నిమిషాలు పట్టేది. పోయడానికి కాదు బాధ, ఊరికి వెళ్లలేకపోవడమే బాధ. నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి వస్తే చాలు, టమాటాలు తలలు వేలాడేసి కనిపించేవి.

డబ్బా కొనక ముందు చేతికందిన ఉపాయాలన్నీ చేశాను. సీసా మూతకి సూదితో బెజ్జం పెట్టి కుండీలో తలకిందులుగా గుచ్చడం మొదటిది. బెజ్జం కాస్త పెద్దదైతే సీసా ఒక్క పూటలో ఖాళీ, చిన్నదైతే మట్టి అడ్డం పడి మూడు రోజులకి కూడా బొట్టు దిగదు. తర్వాత గుడ్డ పీలికలు. మా ఇంట్లో పీలికలకి కొదవేముంది! బకెట్టు మధ్యలో పెట్టి, చుట్టూ కుండీల్లోకి నూలు పీలికలు వేశాను. బకెట్టు నిండా ఉన్నంతసేపు బాగానే తడిసేది. నీళ్లు అడుగుకి దిగేకొద్దీ పీలిక ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతుంది, తడి పైదాకా రావడం మందగిస్తుంది. పైగా నూలు నెల తిరక్కుండానే మట్టిలో కుళ్లి తెగిపోయింది. సింథటిక్ లైనింగు గుడ్డ అయితే కుళ్లకుండా నిలిచింది. ఒకటి రెండు కుండీలవాళ్లకి ఈ పీలిక పద్ధతే చాలు, డబ్బాలూ గిబ్బాలూ అక్కర్లేదు. 34 కుండీలకి మాత్రం మేడ నిండా బకెట్లే అవుతాయి.

సరే, కిట్టు తెప్పించాను. డబ్బా మీద పచ్చటి తోట బొమ్మ, పక్కన ‘40 కుండీల వరకు’ అని. లోపల 20 మీటర్ల సన్న నల్ల గొట్టం, లోపలి వ్యాసం 4 మి.మీ. కుండీలో బొట్లు వదిలే ఎర్ర మూతల డ్రిప్పర్లు 30, గొట్టాన్ని చీల్చే T ఆకారపు టీ జాయింట్లు 30, గొట్టాన్ని మట్టిలో నిలబెట్టే పుల్లలు, కుళాయికి తగిలించే కప్లింగు, చిన్న జాలీ, రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే టైమరు. 40 కుండీలని రాసి 30 డ్రిప్పర్లు పెట్టడం మొదటి మోసం. అడిగితే ‘వరకు’ అన్నామండీ అంటారు, అది వేరే సంగతి.

గొట్టం రంగు మాత్రం మెచ్చుకోవాలి. నలుపు. తెల్లగా లోపల కనిపించే గొట్టాలతో కూడా కిట్లు అమ్ముతున్నారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. వెలుతురు లోపలికి పోతే అందులో పాచి పెరుగుతుంది, పాచి వెళ్లి డ్రిప్పర్ నోట్లో కూర్చుంటుంది. ఏడు నెలల్లో నాకు పాచి బెడద లేదంటే అది నలుపు చలవే.

బిగించడం గురించి ఆ కాగితంలో నాలుగు బొమ్మలున్నాయి, అన్నిట్లోనూ గొట్టం వెన్నలో చాకులా జాయింటు మీదకి ఎక్కేస్తున్నట్టు ఉంది. నిజానికి ఎక్కదు. మొదటి ఆరు జాయింట్లకే బొటనవేలి చర్మం లేచింది. కుట్టేటప్పుడు వేలికి తొడిగే అంగుస్తానా పెట్టుకుని నెట్టాను, అదీ జారింది. చివరికి ఫ్లాస్కులో వేడినీళ్లు మేడ మీదకి తీసుకెళ్లి గొట్టం కొసని పది అంకెలు లెక్కపెట్టేదాకా ముంచితే మెత్తబడి తేలిగ్గా ఎక్కింది, చల్లారాక మళ్లీ బిగిసి పట్టేసింది. కొవ్వొత్తి మంట మీద కాలుస్తారు కొందరు. వద్దు, గొట్టం ఒక వైపు కరిగి వంకర పోతుంది, అక్కడే కారుతుంది. కోసేటప్పుడు కూడా తిన్నగా, అడ్డంగా కోయాలి. గుడ్డ కత్తిరించినట్టు ఏటవాలుగా తెగితే జాయింటు మీద ఒక పక్క కూర్చుని ఒక పక్క తెరిచి ఉంటుంది. నా పాత కత్తెర ఒకటి దీనికి బలైంది.

ఆదివారం సాయంత్రానికి అన్నీ కలిపి, ట్యాంకు అడుగున ఉన్న కుళాయికి టైమరు బిగించి, ఎర్ర మూతలన్నీ బాగా వదులు చేసి, ఆరింటికి ఇరవై నిమిషాలు అని పెట్టాను. ఆరింటికి ‘టిక్’మంది. నీళ్లొచ్చాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను కిందకి దిగి ఒక జాకెట్టుకి చేతులు ఎక్కిస్తూ కూర్చున్నాను, ఆరూ ఇరవైకి మళ్లీ ‘టిక్’మందో లేదో చూడను కూడా చూడలేదు.

తెల్లారి ఐదింటికి మా ఆయన బాత్‌రూములోంచి కేక. ‘‘కుళాయిలో నీళ్లు రావడం లేదేంటి? నిన్న నువ్వు పైన ఏదో పెట్టావు కదా!’’ పైకి పరిగెత్తాను. మేడంతా తడి. ట్యాంకులో మిగిలిన నీళ్లన్నీ రాత్రంతా కుండీల గుండా పోయి తూముకి చేరిపోయాయి. టైమరు తెర మీద మాత్రం ‘ఆఫ్’ అని చక్కగా కనిపిస్తోంది. అది మూసేశాననే అనుకుంటోంది పాపం.

అమ్మినవాళ్లకి ఫోను చేశాను. ‘‘ప్రెషర్ ఎంతమ్మా?’’ అన్నాడు అవతలి అబ్బాయి. ట్యాంకు అన్నాను. ‘‘ట్యాంకైతే పని చెయ్యదమ్మా, కాగితంలో ఉంది కదా’’ అన్నాడు. ఉంది. నా కళ్లద్దాల మీద ఇంకో అద్దం పెట్టి చూస్తే కనిపించింది: 0.5 నుంచి 8 బార్. డబ్బా మీద తోట బొమ్మకి అరచేయంత చోటు ఇచ్చినవాళ్లు ఈ ముక్కకి చీమ తలంత అక్షరాలు కేటాయించారు. నాకు పోయిన నక్షత్రాల్లో ఒకటి ఇక్కడే పోయింది.

ఈ బార్ గోల నాకూ కొత్తే. తెలుసుకున్నాక ఇంత సులువా అనిపించింది. నీళ్లు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. మీటరు ఎత్తుకి 0.1. ట్యాంకు ఎంత పెద్దదన్నది లెక్కే కాదు, నీటి మట్టం కుళాయికి ఎంత పైన ఉందన్నదే లెక్క. మా మేడ మీద ట్యాంకు చిన్న దిమ్మ మీద ఉంది. నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం కుళాయికి మీటరున్నర పైన, సగమైతే మీటరు లోపు. అంటే 0.15 బార్‌తో మొదలై పడిపోతూ ఉంటుంది. కాగితం అడిగినదాంట్లో మూడో వంతు కూడా లేదు. మిషను దారానికి టెన్షన్ ఎలాగో దీనికి ఒత్తిడి అలాగ. టెన్షన్ సరిగ్గా లేకపోతే మిషను నడుస్తూనే ఉంటుంది, కుట్టు మాత్రం అడుగున ఉచ్చులు పడుతుంది.

టైమరు ఎందుకు మూసుకోలేదో తెలుసుకోవాలని దాన్ని విప్పాను. ఎలాగూ వారంటీ మీద ఆశ లేదు. లోపల రూపాయి బిళ్లంత రబ్బరు పొర, దాని మధ్య నుంచి వెళ్లే సన్నటి దారి. బ్యాటరీ చేసే పని ఆ సన్న దారిని తెరవడం, మూయడం, అంతే. అసలు తలుపు ఆ రబ్బరు పొర. దాన్ని లేపేదీ, తిరిగి నొక్కి కూర్చోబెట్టేదీ నీటి ఒత్తిడే. ఒత్తిడి చాలకపోతే పొర సగంలో తేలుతూ ఉండిపోతుంది. దీన్ని సోలెనాయిడ్ రకం అంటారు. మోటారు లైనుకో, గట్టి ధార వచ్చే కుళాయికో పెట్టుకుంటే ఇదే టైమరు బంగారంలా పనిచేస్తుంది, తప్పు దానిది కాదు.

ట్యాంకు ఉన్నవాళ్లకి కావలసింది బాల్ వాల్వు టైమరు. అందులో చిన్న మోటారు బెజ్జం ఉన్న గోళీని తిప్పుతుంది. బెజ్జం దారికి ఎదురుగా వస్తే నీళ్లు, అడ్డం తిరిగితే ఆపు. దానికి ఒత్తిడితో పని లేదు, సున్నా నుంచీ పనిచేస్తుంది. తిరిగేటప్పుడు ‘టిక్’ అనదు, ‘గుర్ర్’మని రెండు మూడు సెకన్లు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడే గుర్తు. కొనేటప్పుడు వివరాల్లో ‘0 బార్’ అని ఉందో లేదో చూడండి, లేకపోతే కొనకండి. నేను అది విడిగా కొన్నాను, అప్పటి నుంచి ఒక్కసారీ మొరాయించలేదు. ఒక్క జాగ్రత్త: గోళీ తెరిచి ఉన్నప్పుడు బ్యాటరీ చచ్చిపోతే మూసే నాథుడుండడు. కొన్ని టైమర్లు బ్యాటరీ తగ్గగానే ముందే మూసేసుకుంటాయట, నాది ఆ కోవలోదో కాదో పరీక్షించే ధైర్యం చేయలేదు. ఊరికి వెళ్లే ముందు కొత్త బ్యాటరీలు వేస్తాను, ఆల్కలైన్‌వి. తీసిన పాతవి గోడ గడియారంలోకి వెళ్తాయి.

టైమరు గండం గడిచింది కదా అనుకుంటే, రెండో వారంలో కుళాయి దగ్గరున్న కుండీలు చిత్తడిగా, కొసనున్నవి ఎండిపోయి కనిపించాయి. కంటితో చూసి లాభం లేదని కొలిచాను. ఇది డ్రిప్పు పెట్టుకున్న ప్రతివాళ్లూ చేయాల్సిన పని, ఎవరూ చేయరు. ప్రతి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు పెట్టి, పావుగంట నీళ్లు వదిలి, ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో చూడాలి. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే గంటకి ఎంతో తెలుస్తుంది. మందు సీసాతో వచ్చే కొలత గ్లాసు తీసుకుని మా అమ్మాయి కొలుస్తూ పోయింది, నేను బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలో రాస్తూ పోయాను. ఛాతీ, నడుము, భుజం కొలతల మధ్యలో ఇప్పటికీ ఆ పేజీ ఉంది. మొదటి కుండీ 310, రెండోది 260, పదోది 90, చివరి టమాటా 12. అది 12 మిల్లీలీటర్లతో బతకాలని నేను రోజూ ఆశపడుతున్నానన్నమాట.

కారణం ఆ సన్న గొట్టమే. 4 మి.మీ. గొట్టాన్ని ఒకే దండలా 20 మీటర్లు లాగి, దారి పొడుగునా టీలు గుచ్చమని బొమ్మల్లో ఉంది. ఒత్తిడి బాగా ఉంటే దానికీ చెల్లుతుందేమో. మా ట్యాంకు లాంటి చోట సన్న గొట్టం గోడల రాపిడికే ఉన్న కాస్త బలమూ సరిపోతుంది. విరుగుడు ఏమిటంటే, 16 మి.మీ. లావు గొట్టాన్ని మేడ చుట్టూ నడిపించి, దాని మీద నుంచి ప్రతి కుండీకీ అడుగున్నర మించకుండా సన్న గొట్టం కొమ్మలా తీయడం. లావు గొట్టం లోపలి వ్యాసం 13 మి.మీ. వేసుకున్నా, నీళ్లు నడిచే చోటు సన్నదానికంటే పది రెట్లు ఎక్కువ. ఇంకో ఉపాయం: లావు గొట్టం కొసని మూసి వదిలేయకుండా తిప్పి తెచ్చి మొదట్లోనే కలిపేస్తే వలయం అవుతుంది. ప్రతి కుండీకీ రెండు వైపుల నుంచీ నీళ్లు వస్తాయి, ‘చివరి కుండీ’ అనేదే ఉండదు.

లావు గొట్టానికి బెజ్జం పెట్టే పనిముట్టు విడిగా దొరుకుతుంది, 3 మి.మీ. పొడుస్తుంది. కొనండి. మేకు కాల్చి పెడదామనుకున్నాను నేను, బెజ్జం సాగి కారింది. అలా పాడైన బెజ్జాలు మూయడానికి బుల్లి ప్లాస్టిక్ బిరడాలుంటాయి, ఒక పది తెచ్చుకుంటే నయం. నాకు తొమ్మిది పట్టాయి, ఎలా పట్టాయని అడగకండి. అన్నీ పొడిచాక కొస తెరిచి ఒక బకెట్టు నీళ్లు ధారగా వదిలేయాలి. పొడిచినప్పుడు లోపల రాలిన ప్లాస్టిక్ రవ్వలు అప్పుడు బయటికొస్తాయి. లేకపోతే ఒక్కొక్కటీ ఒక్కో డ్రిప్పర్ గొంతులో అడ్డం పడుతుంది.

మళ్లీ కొలిచాం. ఈసారి 95 నుంచి 125. మూతలు అటూ ఇటూ తిప్పాక 100 నుంచి 115. ఆ రోజు మిషను మీద కూర్చోలేదు, రెండు జాకెట్లు ఆలస్యమయ్యాయి, అయినా నాకు పండగే.

ఇంకో వింత చెప్పాలి. అన్నీ సమానంగా కొలిచినా ఒక్క మల్లె కుండీ మాత్రం ఎప్పుడూ తడిగానే ఉండేది. మెట్ల దగ్గర పల్లంలో ఉంటుంది అది. టైమరు మూసుకున్నాక గొట్టంలో మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్లానికే. 25 మీటర్ల లావు గొట్టంలో మూడు లీటర్లకి పైనే పడతాయి, అందులో సింహభాగం ప్రతి పూటా మల్లె పాలే. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి మిగతావాటి ఎత్తుకి లేపాను, ఆ గొడవ తీరింది. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. గొట్టం ఎక్కడైనా దిబ్బెక్కి దిగితే ఆ ఒంపులో గాలి ఇరుక్కుంటుంది, తక్కువ ఒత్తిడి దాన్ని నెట్టలేదు, అవతలి కుండీలకి చుక్క రాదు. పిట్టగోడ మీద నుంచి గొట్టం వేసినప్పుడు నాకు అదే అయింది. కిందకి దింపేశాను.

ఇక ఎర్ర మూతల గురించి. ఒకటి విప్పి అరచేతిలో పెట్టుకుని చూడండి. మూత అంచు చుట్టూ ఎనిమిది సన్న గాట్లుంటాయి, మధ్యలో ముల్లు లాంటి పొడుగు. మూత బిగిస్తే ముల్లు దారికి అడ్డం పడుతుంది, వదులు చేస్తే దారి వస్తుంది. బొమ్మలో ఎనిమిది వైపులా గొడుగులా నీళ్లు చిమ్ముతుంటాయి. ట్యాంకు ఒత్తిడికి గొడుగూ లేదు, ఏమీ లేదు, ఒక గాటులోంచి వచ్చి కాడ వెంట జారుతాయి. నాకు అదీ చాలు. అసలు చిరాకు ఏంటంటే, పావు చుట్టు తిప్పితే ధార రెట్టింపవుతుంది, అర చుట్టు ఎక్కువైతే మూత ఊడి చేతికొస్తుంది. ఒకటి ఊడి పుదీనాలో పడింది, ఇప్పటికీ దొరకలేదు. ఎండకి ఏడు నెలల్లో రెండు మూతలు చిట్లాయి. రెండో నక్షత్రం వీటి దగ్గర పోయింది.

‘‘ఒత్తిడి ఎంతున్నా ఒకే లెక్కన వదిలే డ్రిప్పర్లు ఉంటాయి, అవి పెట్టు’’ అని ఒకరు సలహా ఇస్తే ఒక ప్యాకెట్టు కొన్నాను. అవి మంచివే, లోపల సిలికాన్ పొర ఉండి ఎక్కువ ఒత్తిడి వస్తే దారిని తనే ఇరుకు చేస్తుంది. కానీ ఆ పొర కదలడానికే కొంత ఒత్తిడి కావాలి. నేను కొన్నవి లైను ఆగగానే మూసుకునే రకం, మా ట్యాంకుకి అవి నోరే తెరవలేదు. గట్టి ధార ఉన్న పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశాను, ఆవిడ వాటిని పొగడని రోజు లేదు. ఒక ఇంటి మందు ఇంకో ఇంటికి పనికిరాదు దీంట్లో.

ఈ డ్రిప్పర్ల పుట్టుక కథ మా అమ్మాయి చదివి చెప్పింది. ఇప్పటి ఇజ్రాయెల్‌లో సిమ్హా బ్లాస్ అనే నీటి ఇంజినీరు 1930ల్లో ఒక చెట్టుని చూశాడట. ఎవరూ నీళ్లు పోయకుండానే చుట్టుపక్కల చెట్లకంటే ఏపుగా ఉంది. తవ్వి చూస్తే పక్కన గొట్టం అతుకు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. ఆ బొట్టుని లెక్క ప్రకారం కార్చడానికి ఆయనకి దశాబ్దాలు పట్టింది, 1965లో నెగెవ్ ఎడారిలోని హట్జెరిమ్ అనే సమష్టి పల్లెతో కలిసి నెటాఫిమ్ సంస్థగా అది బయటికొచ్చింది. నాకు నచ్చింది ఆయన చేసిన ఉపాయం. సూది బెజ్జం పెడితే నలుసు అడ్డం పడుతుందని, నీటిని పొడుగాటి మెలికల దారిలో నడిపించి మెల్లబరిచాడు. దారి పొడుగైతే బెజ్జం అంత సన్నగా ఉండక్కర్లేదు, నలుసు దాటిపోతుంది. మా ఎర్ర మూతల్లో ఆ మెలికే లేదు. సీసా మూతకి సూదితో బెజ్జం పెట్టిన నా తెలివీ, ఈ మూత తెలివీ ఒక్కటే.

మట్టి సంగతి కిట్టువాళ్లు చెప్పరు, వాళ్ల పని కాదు. బాగా ఎండిన మట్టి కుదించుకుని కుండీ గోడని వదిలేస్తుంది. దాని మీద బొట్లు వేస్తే ఆ సందులోంచి జారి అడుగు బెజ్జంలోంచి వెళ్లిపోతాయి, వేళ్లకి అందవు. డ్రిప్పు మొదలుపెట్టే రోజు ముందు చేత్తో నిండా తడిపి, అప్పుడు బొట్లకి అప్పగించాలి. పెద్ద కుండీల్లో ఒక్క డ్రిప్పర్ పెడితే దాని కింద స్తంభంలా తడుస్తుంది, పక్కలు పొడిగా ఉంటాయి. మావి ఏడు పెద్దవి, వాటికి రెండేసి పెట్టాను. డబ్బాలో వచ్చినవి చాలక ఇంకొన్ని తెచ్చాను, అలా డ్రిప్పర్లు మొత్తం 41 అయ్యాయి. పొద్దున్న ఐదున్నరకి అరగంట, సాయంత్రం ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం పెట్టకండి, నల్ల గొట్టంలో ఎండకి కాగిన నీళ్లు ముందు వస్తాయి, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. రోజుకి 15 లీటర్లు అవుతోంది. మగ్గుతో పోసినప్పుడు దీనికి రెట్టింపు పోసేదాన్ని, సగం మేడకే.

శుభ్రం చేయడం నెలకోసారి. కిట్టుతో వచ్చిన జాలీ కంటి తుడుపే, బటను సైజు. 120 మెష్, అంటే అంగుళానికి 120 కళ్లుండే సన్న జాలీ ఉన్న ఫిల్టరు విడిగా బిగించాను, దాన్ని విప్పి కడిగితే బూడిద రంగు బురద వస్తుంది, అదంతా డ్రిప్పర్లలోకి వెళ్లేదే కదా. ఉప్పు నీళ్లు ఉన్నచోట మూతల మీద తెల్లగా పెచ్చు కడుతుంది. గోకొద్దు, గాట్లు పెద్దవైపోతాయి. వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలోనో రాత్రంతా నానబెడితే అదే వదిలిపోతుంది.

ఇంతకీ ఎవరు కొనాలి? గట్టి ధార వచ్చే కుళాయి ఉండి, కుండీలు పదిహేను లోపయితే, డబ్బా ఉన్నది ఉన్నట్టు బిగించుకోండి, మీకు నాలుగు నక్షత్రాల సరుకు. నాలాగ ట్యాంకు అయితే డబ్బా కొనకండి. లావు గొట్టం, సన్న గొట్టం, ఫిల్టరు, బాల్ వాల్వు టైమరు విడివిడిగా కొనుక్కోండి. నేను చివరికి అవన్నీ కొన్నాను, డబ్బాలోంచి మిగిలింది టీలూ, మూతలూ, పుల్లలూ. ఆ పుల్లలు మాత్రం నిజంగా బాగున్నాయి, ఒక్కటీ విరగలేదు.

పోయిన నెలలో పదకొండు రోజులు ఊరికి వెళ్లాం. ఇలా వెళ్లడం ఆరేళ్లలో ఇదే మొదటిసారి. అంతకుముందు వారం రోజులు ఇంట్లో ఉండే, మగ్గు ముట్టుకోకుండా, లేనట్టే నటించి చూశాను. ఏ తేడా వచ్చినా దగ్గరుండి చూసుకోవచ్చని. పక్కింటి పిన్నిగారికి ఏ కుళాయి కట్టేయాలో చూపించి తాళం ఇచ్చాను. ఆవిడ పనే పడలేదట.

తిరిగొచ్చి సంచులు గుమ్మంలో పడేసి పైకే వెళ్లాను. 34లో 32 పచ్చగా ఉన్నాయి. టమాటాలు పండి రాలాయి కూడా. కలబంద కుళ్లిపోయింది, అది నా తప్పే, రోజూ నీళ్లు అక్కర్లేని మొక్కని లైనులోంచి తీయడం మరిచిపోయాను. పుదీనా మాత్రం గడ్డిలా ఎండిపోయింది. దాని డ్రిప్పర్‌లోంచి చుక్క రావడం లేదు.

చూశారా మళ్లీ ఆ ఎర్ర మూత, అని తిట్టుకుంటూ విప్పాను. ముల్లు చుట్టూ చుట్టుకుని నీలం రంగు దారం పోగు. ఫిల్టరు దాటాక గొట్టంలోకి దారం ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం అర్థం కాలేదు. సన్న గొట్టాలన్నీ ముక్కలు కోసింది ఎక్కడ? మిషను గదిలో, దారాలూ పీలికలూ రాలిన నేల మీద, ఒక స్కూలు యూనిఫాం ఆర్డరు మధ్యలో. నీలం నిక్కర్లు అవి.

పుదీనా వేళ్ల దగ్గర చిగురు వేస్తోంది.